వనామీ గారూ, కాస్త వైవిధ్యం చూపించండి!

సుంకాలు పెరిగినప్పుడల్లా మనకి మేధావుల పంట పండుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసింది. మనం పంపే వనామీ రకం రొయ్యకైతే, చవగ్గా కుమ్మరిస్తున్నారని వేసే పాత యాంటీ డంపింగ్ సుంకం కొసరు. వెంటనే ఏసీ హాళ్లలో ఒకటే మంత్రం: "రైతు సోదరులారా, అమెరికా ఒక్కదాన్నే నమ్ముకోకుండా మార్కెట్లను వైవిధ్యపరచుకోండి!"

ఇంత చిన్న ముక్క ఇన్నాళ్లూ ఎవరూ చెప్పకపోబట్టే కదా భీమవరం రొయ్యల రైతు ఇలా ఉండిపోయాడు.

ఇకనుంచి ఎలా ఉండాలంటే, రాత్రి రెండింటికి కరెంటు పోతుంది. చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగుతాయి. ఊపిరాడక రొయ్యలు పైకి తేలతాయి. రైతు జనరేటర్ దగ్గరికి పరిగెత్తకూడదు. లుంగీ ఎగ్గట్టి గట్టు మీద ప్రపంచ పటం పరవాలి. టార్చి వేసి జపాన్‌ని వెతకాలి. కాపలా కుర్రాణ్ణి లేపి, "ఒరేయ్, రష్యావాళ్లు కిలోకి ఎన్ని తూగే కౌంటు తింటారో కనుక్కో" అనాలి. ఈలోగా చెరువు పోతుందా? పోనీండి, వ్యూహం మిగిలిందిగా!

అసలు తల్లి రొయ్యలే హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానమెక్కి చెన్నైలో దిగుతాయి. క్వారంటైన్ అయ్యాక మన హేచరీల్లో పిల్లల్ని పెడతాయి. పిల్లలు పెద్దయి అమ్మమ్మగారింటికి పోతున్నాయి, తప్పేముంది? అంతకుముందు పెంచిన టైగర్ రొయ్యని తెల్లమచ్చ తెగులు ముంచింది. 2009లో వనామీకి అనుమతి రాగానే అందరం దాని మీదే పడ్డాం. 2024-25లో ఎగుమతైన 7.41 లక్షల టన్నుల రొయ్యల్లో 3.11 లక్షల టన్నులు అమెరికాకే. యూరప్ వైపు వెళ్దామంటే, యాంటీబయాటిక్ అవశేషాల భయంతో 2016లోనే మన సరుకులో సగానికి తనిఖీ పెట్టారు. థాయ్‌లాండ్, వియత్నాంలు రొయ్యకి పొడి అద్ది, వండి, ప్యాకెట్లో పెట్టి అమ్ముకుంటున్నాయి. మనం ఎక్కువగా తల తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి పంపుతున్నాం. మరి వంట యూనిట్లు, ల్యాబులు, కోల్డ్ స్టోరేజీలు ఎవరు కట్టాలి? రెండెకరాల చెరువు లీజుకి తీసుకున్నవాడా?

సుంకం వార్త రాగానే ఇక్కడ రేటు కోసేశారు. రొయ్యకి రేటు వచ్చేదాకా ఆగడం తెలీదు. పట్టుబడి వాయిదా వేస్తే రోజూ మేత ఖర్చు, రోగం భయం. పట్టేస్తే నష్టం. అన్నీ కలిసి ఆ రైతు నెత్తినే పడ్డాయి, అప్పు కూడా అతని పేరు మీదే ఉంది. అతనికి మార్కెట్ పాఠం చెప్పడానికి మీకు నోరెలా వచ్చిందండీ? ఎగుమతిదారుణ్ణి అడగండి, బ్యాంకుని అడగండి, ప్రభుత్వాన్ని అడగండి. ఆ లీజు రైతుని మాత్రం వదిలేయండి.