రిపోర్ట్ రాయడం నేర్పాలా, అదే వస్తుందా?

పోలీసు శిక్షణలో రిపోర్ట్ రాతకు ప్రత్యేకంగా గంటలు కేటాయించాలా? చాలా ఏళ్లు సర్వీసు చేసిన ఒక ఇన్‌స్పెక్టర్, కొత్తవాళ్లకు రాత నేర్పే ఒక శిక్షకురాలు దీని మీద వాదించుకుంటున్నారు.

ఇన్‌స్పెక్టర్: మేడమ్, నాకెవరూ రాత నేర్పలేదు. సీనియర్ల ఫైళ్లు ముందేసుకుని, చూసి రాశాను. కుర్రాళ్లకు శిక్షణలో ఉండే టైమే తక్కువ. అందులో చట్టం నేర్పాలా, వ్యాసరచన నేర్పాలా?

శిక్షకురాలు: చిక్కంతా ఆ పాత ఫైళ్లతోనే సార్. "అనుమానాస్పదంగా తిరుగుతుండగా అదుపులోకి తీసుకోబడ్డాడు." ఈ వాక్యం మీరెన్ని ఫైళ్లలో చూశారు?

ఇన్‌స్పెక్టర్: లెక్కలేనన్ని. తప్పేముంది?

శిక్షకురాలు: ఎవరు పట్టుకున్నారో అందులో లేదు. అనుమానం ఎందుకొచ్చిందో లేదు. అదే ఇలా రాస్తే? "రాత్రి 2 గంటల 10 నిమిషాలకు, మూసి ఉన్న షాపు వెనక తలుపు దగ్గర ఒకతను నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలో ఇనుప కడ్డీ పడేసి పరిగెత్తాడు. నేను వెంటపడి పట్టుకున్నాను." ఇక 'అనుమానాస్పదంగా' అన్న మాట అక్కర్లేదు, చదివినవాళ్లకే అనుమానం వస్తుంది. చూసింది వేరు, అనుకున్నది వేరు. నేను నేర్పేదాంట్లో ముప్పాతిక వంతు ఇదే.

ఇన్‌స్పెక్టర్: షిఫ్టంతా తిరిగి అర్ధరాత్రి రాయడానికి కూర్చున్నవాడికి కావాల్సింది క్లాసు కాదు, టైము. పైగా ఇప్పుడు ఒంటి మీద కెమెరాలున్నాయి.

శిక్షకురాలు: టైము ఇవ్వాలి, అందులో మీతో వాదన లేదు. అయితే ఆలస్యమయ్యేకొద్దీ జ్ఞాపకం జారిపోతుంది. మొదటి కొద్ది గంటల్లోనే ఎక్కువ పోతుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే చూపించాడు. అందుకే టైము, అన్న మాటలు, ఎవరు ఎక్కడున్నారో అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రాసుకోమంటాను. ఇక కెమెరాలో పెట్రోలు వాసన రాదు, మీ వెనక జరిగింది రాదు.

ఇన్‌స్పెక్టర్: ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏమవుతుంది?

శిక్షకురాలు: 1974లో లాఫ్టస్, పామర్ అనే ఇద్దరు పరిశోధకులు, జ్ఞాపకాన్ని పరీక్షించడానికి, కొంతమందికి కార్ల ప్రమాదం ఫిల్ము చూపించారు. కార్లు 'గుద్దుకున్నప్పుడు' వేగం ఎంత అని కొందరిని, 'నుజ్జునుజ్జయినప్పుడు' ఎంత అని కొందరిని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే 'గుద్దుకున్న' వాళ్లలో 50కి 7 మంది, 'నుజ్జయిన' వాళ్లలో 50కి 16 మంది చూశామన్నారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు సార్! సాక్షి మాటలను, మనం అడిగిన ప్రశ్నతో సహా, ఉన్నదున్నట్టు రాయమనేది అందుకే.

ఇన్‌స్పెక్టర్: (కాసేపాగి) ఒకసారి కోర్టులో లాయరు నా రిపోర్ట్ పైకి చదివాడు. మొదటి పేజీలో కత్తి కుడిచేతిలో ఉంది, మూడో పేజీలో ఎడమచేతిలో. మూడో పేజీ పేరా పాత ఫైలు నుంచి దించింది. నెలల తరబడి చేసిన పనంతా అక్కడే పోయింది. దెబ్బలు తిన్న మనిషి తల్లి బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెకేం చెప్పాలో నాకు తెలియలేదు... అయినా మేడమ్, అలాంటిది క్లాసులో బోర్డు మీద రాస్తే వస్తుందా?

శిక్షకురాలు: బోర్డు మీద రాదు. అందుకే ఒక ఘటన వాళ్ల కళ్ల ముందే నటించి చూపిస్తాం, రిపోర్ట్ రాయిస్తాం. వారం తర్వాత బోనులో నిలబెట్టి, ఆ రిపోర్ట్ మీదే లాయరు చేత ప్రశ్నలు వేయిస్తాం.

ఇన్‌స్పెక్టర్: సీనియర్లను కూడానా?

శిక్షకురాలు: ముందు వాళ్లనే సార్. కుర్రాళ్లు చూసి రాసేది వాళ్ల ఫైళ్లే కదా.