కప్ప కంటి కొవ్వుకు చలి ఒక్కటే కారణమా?

చలికాలంలో నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. కొవ్వు ఆమ్లపు గొలుసులో ద్విబంధాలు (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు) పెరిగితే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత పడిపోతుంది: ద్విబంధాలే లేని స్టియరిక్ ఆమ్లం 69 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే, 22 కార్బన్లూ 6 ద్విబంధాలూ ఉన్న డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం మైనస్ 44 డిగ్రీల దగ్గర కూడా ద్రవంగానే ఉంటుంది. అందుకే, కప్ప శీతలరక్త జీవి కాబట్టి దాని కంటిలో డీహెచ్‌ఏ పుష్కలంగా ఉందని చెప్పేస్తుంటారు. ఈ వివరణ నాకు సగమే నిజమనిపిస్తుంది. ఒంటి వేడి ఎప్పుడూ 37 డిగ్రీలకు దరిదాపుల్లో ఉండే ఎలుక, ఆవుల రెటీనాల్లోనూ (కంటి వెనుక వెలుతురును పసిగట్టే పొరల్లోనూ) డీహెచ్‌ఏ అంతే సమృద్ధిగా ఉంటుంది మరి.

మిగతా సగం దండ కణాల, అంటే మసక వెలుతురులో చూపునిచ్చే రెటీనా కణాల, పనితీరులో దొరుకుతుంది. 1876లో ఫ్రాంజ్ బోల్ కప్ప రెటీనాలోని ఎర్రని రంగు వెలుతురుకు వెలిసిపోవడం గమనించాడు. ఆ రంగు దండ కణాల్లో వెలుతురును పట్టే ప్రోటీన్ రోడాప్సిన్‌ది. 1974లో మూ-మింగ్ పూ, రిచర్డ్ కోన్‌లు ఉభయచరాల దండ కణాల్లోనే (అవి పెద్దవి కావడం పరిశోధకుల అదృష్టం) రోడాప్సిన్ అణువులు కొవ్వుతో కూడిన కణపు పొరలో అటూ ఇటూ ఈదుతుంటాయని చూపారు. వెలుతురు తాకిన ఒక్క అణువు క్షణంలో పక్కనున్న ఎన్నో ప్రోటీన్లను తట్టిలేపాలంటే పొర నూనెలా పలచగా ఉండక తప్పదు; ఆ పలచదనాన్ని ఇచ్చేది డీహెచ్‌ఏ.

ఈ పొరలు శాశ్వతమూ కావు. దండ కణపు వెలుపలి భాగం అడుగున కొత్త చక్రికలు (ఆ పొరలతో ఏర్పడిన పళ్లేల్లాంటి బిళ్లలు) పుడుతూ, కొసన పాతవి రాలిపోతూ ఉంటాయని 1967లో రిచర్డ్ యంగ్ కప్పల్లో, ఎలుకల్లో నిరూపించాడు. రాలిన చక్రికలను మింగే, రెటీనా వెనుక ఉండే వర్ణక కణాలు వాటిలోని డీహెచ్‌ఏను తిరిగి దండ కణాలకే చేరవేస్తాయి. ఆహారం ద్వారా వచ్చే ఒమేగా-3 మీదే ఆధారపడిన ఆ ఆమ్లాన్ని పారబోసుకోవడం ఏ జీవికీ గిట్టుబాటు కాదు.

నరాలను చుట్టుకునే మైలిన్ తొడుగు కథ దీనికి పూర్తిగా విరుద్ధం. సంకేతం బయటికి కారకుండా కాపాడే ఆ తొడుగులోని సెరిబ్రోసైడ్లనే కొవ్వుల్లో ద్విబంధం లేని, లేదా ఒక్కటే ఉన్న 24 కార్బన్ల పొడవైన ఆమ్లాలదే పైచేయి. అలాంటప్పుడు మెదడు, వెన్నుపాము, కన్ను అన్నిటినీ కలిపి నాడీ కణజాలం పేరిట ఒకే సగటు ఇచ్చే పట్టిక వల్ల ఉపయోగం తక్కువ. రెటీనాలోనైనా దండ కణాల వెలుపలి భాగాన్ని విడదీసి, ఫాస్ఫాటిడిల్ ఇథనాలమైన్, ఫాస్ఫాటిడిల్ కోలిన్ వంటి పొర కొవ్వుల తరగతుల వారీగా కొలిచిన అంకెలనే పోల్చాలి.