చర్చికి సర్కారు సొమ్ము వద్దన్నది భక్తులే

అమెరికాను క్రైస్తవ దేశంగానే స్థాపించారని ఒకరు, కాదు, మతాన్ని పక్కన పెట్టిన మేధావులు కట్టిన దేశమని ఇంకొకరు. ఈ వాదన విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఇద్దరిలో ఒక్కరు కూడా వర్జీనియా జైళ్ల సంగతి ఎత్తరు.

వర్జీనియా అప్పటికి బ్రిటిష్ వలస, అక్కడ చర్చ్ ఆఫ్ ఇంగ్లండే ప్రభుత్వ చర్చి. లైసెన్సు లేకుండా బోధిస్తున్నారని బాప్టిస్టులనే వేరే క్రైస్తవ శాఖ బోధకులను జైల్లో వేసేవాళ్లు. పక్క కౌంటీలో ఐదారుగురు అలా మగ్గుతున్నారని 1774 జనవరిలో స్నేహితుడికి ఉత్తరం రాసిన కుర్రాడు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్, అప్పటికి ఇరవై రెండేళ్లు. పదేళ్లకు వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ క్రైస్తవ బోధకుల కోసం పన్ను వేద్దామని బిల్లు తెచ్చాడు. ఎవరి పన్ను ఏ శాఖకు పోవాలో వాళ్లే చెప్పుకోవచ్చు కాబట్టి పైకి ఉదారంగానే కనిపిస్తుంది. అయినా బాప్టిస్టులు మాకొద్దన్నారు! తమ వాటా తమకు వస్తుందని తెలిసి కూడా వద్దన్నారు, ఊరూరా సంతకాలు పెట్టి అర్జీలు పంపారు. 1785లో మాడిసన్ కూడా ఆ బిల్లుకు వ్యతిరేకంగా గట్టి విన్నపం రాశాడు. బిల్లు మూలన పడింది. తర్వాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1777లోనే రాసిపెట్టిన మత స్వేచ్ఛ చట్టం 1786లో పాసైంది, అప్పుడాయన పారిస్‌లో ఉన్నాడు.

పైగా చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుగా ఉంచాలన్న ఈ ఆలోచన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్‌తో మొదలైందనడం కూడా సగం నిజమే. లాక్ సహనం గురించి రాసిన లేఖ అచ్చయింది 1689లో. బలవంతంగా చేయించే ఆరాధన దేవుడికే అవమానమని, చర్చికీ లోకానికీ మధ్య గోడ ఉండాలని రోజర్ విలియమ్స్ అన్నది 1644లో. ఆయన నాస్తికుడేం కాదు, మసాచుసెట్స్‌ని ఏలిన ప్యూరిటన్లనే కఠిన క్రైస్తవులు వెళ్లగొట్టిన పరమ భక్తుడు.

అటువైపు అమెరికా స్వాతంత్ర్యం కోసం కలం పట్టిన థామస్ పెయిన్‌ని చూడండి. తర్వాత బైబిల్‌నే ఉతికి ఆరేసిన మనిషి, 1776లో రాజరికాన్ని కొట్టడానికి మాత్రం బైబిల్‌నే తీశాడు, ఇశ్రాయేలీయులు తమకో రాజును ఇమ్మని సమూయేలు ప్రవక్తను అడిగిన ఘట్టం వివరంగా చెప్పాడు. అప్పటి పాఠకులకు ఆ కథ కంఠోపాఠం మరి.

1802 జనవరి 1న చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలంటూ జెఫర్సన్ రాసిన ఉత్తరాన్ని అందరూ ఉదహరిస్తారు. అది కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన జవాబు. మా మత స్వేచ్ఛను హక్కుగా కాకుండా దయతో ఇచ్చిన వరంలా చూస్తున్నారని వాళ్లు మొరపెట్టుకున్న ఉత్తరం కూడా ఉంది, దయచేసి ముందు అది చదవండి. వాళ్ల కనెక్టికట్‌లో ప్రభుత్వ చర్చి పోవడానికి 1818 దాకా పట్టింది.