తరుగు లేని చరిత్ర

చెన్నై టి.నగర్‌లో నగల కొట్టు మెట్లెక్కేవారికి ఆనాటి బంగారం రేటు కన్నా ముందు కొట్టు పుట్టిన సంవత్సరం కనబడుతుంది. లోపల ముత్తాతగారి పటం, దానికి గంధపు దండ. ఏ కొట్టులో విన్నా ముత్తాతగారు ఒక్క త్రాసుతోనే వ్యాపారం మొదలుపెట్టి ఉంటారు. రెండు త్రాసులు వాడినవారికి పటం కట్టించుకునే అర్హత లేదు కాబోలు.

ఈ గర్వమంతా ఉత్తదేనని తోసేయడం అన్యాయం. 1947లో నెహ్రూ చేతికందిన సెంగోలు అనే రాజదండాన్ని తయారుచేసింది ఈ ఊళ్లోని ఉమ్మిడి బంగారు చెట్టి సంస్థే. తెలుగు ఇంటిపేరు కనుక మనమూ కాస్త రొమ్ము విరుచుకోవచ్చు, దానికి మజూరీ లేదు. ఒకరికి అంత చరిత్ర ఉన్నాక పక్కకొట్టువారు ఖాళీ గోడతో ఎలా కూర్చుంటారు?

అన్నదమ్ములు వేరుపడితే స్థలం, ఇనప్పెట్టె, పాత ఖాతాలు వాటాలకు వస్తాయి. స్థాపించిన సంవత్సరం మాత్రం ముగ్గురికీ నిండుగా దక్కుతుంది. ఎన్ని ముక్కలు చేసినా తరుగు పోని సొత్తు అదొక్కటే.

ఆ గోడమీది చరిత్ర ముత్తాతగారి దగ్గర బయలుదేరి ఒక్క గంతులో ఏసీ షోరూము ప్రారంభోత్సవానికి చేరుకుంటుంది. మధ్యలో 1963 ఉంది. ఆ ఏడాది బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారట్లకు మించిన కొత్త నగ చేయకూడదన్నాయి. ఎందరో కంసాలులు పని పోయి వీధిన పడ్డారు. 1968లో చట్టమే వచ్చి 1990 దాకా నిలిచింది. ముత్తాతగారి పక్కన కంసాలికి చిన్న పటమైనా కడితే బాగుండేది. కానీ అక్కడ చోటు లేదు, సినిమాతార ఉంది.

22 క్యారట్ల నగలో 91.6 శాతం బంగారం, మిగతాది గట్టిదనం కోసం కలిపిన రాగి వగైరా. చరిత్రకూ ఇదే కొలత పెట్టి హాల్‌మార్కు ముద్ర కొట్టించాలని ప్రభుత్వానికి నా విన్నపం. రాగి పాలు కాస్త ఎక్కువైనా చూసీచూడనట్టు పోవచ్చు.

ఇక మీ అమ్మమ్మ కాసులపేరు మార్చబోయి చూడండి. అదీ ఆ ముత్తాతగారి కాలానిదే. అయితే కొట్టు పాతదైతే వారసత్వం, నగ పాతదైతే పాతబంగారం. గుమాస్తా రాళ్లు ఊడదీయించి, లక్క తీయించి, మిగిలినదాన్ని తూకం వేసి, ‘దీని బదులు అచ్చం పాతకాలపు నగలా ఉండేది చూపిస్తానండీ’ అంటాడు. దానికి తరుగు ఎక్కువట.