రెండు జడలు, ఒక ఆశయం

మా గుంటూరులో ఆడపిల్లల మిషన్ స్కూళ్లు పుట్టినప్పటి ఆశయాలను గాలికొదిలేశాయని పెద్దలు కొందరు వాపోతుంటారు. నేనొప్పుకోను. మా అమ్మాయిని అలాంటి ఒక స్కూల్లోనే చేర్పించాను కాబట్టి, ఆశయాలు అమలవడం కళ్లారా చూసినవాడిగా చెబుతున్నాను.

1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో కాలుపెట్టారు. 1883లో అదే మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. ఆవిడ చేతిలో వైద్యం పట్టా ఉన్నా, మిషన్ వాళ్లు మొదట అప్పగించిన పని ఆడవాళ్లకు చదువు చెప్పడం. ఆవిడ ఆసుపత్రి 1898లో గానీ తెరుచుకోలేదు. ఆ రోజుల్లో దొరసానులు ఆడవాళ్లు గడప దాటని ఘోషా ఇళ్లకు కూడా వెళ్లి, ఆడవాళ్ల ముందు కూర్చుని అక్షరాలు దిద్దించేవారు. పిల్లను బడికి పంపండమ్మా అని బతిమాలుకునేవారు.

ఆ బతిమాలే సంప్రదాయం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. బతిమాలేవాళ్లు మారారు, అంతే. అప్లికేషన్ కోసం తెల్లవారుజామున నాలుగింటికి గేటు దగ్గరికెళ్తే నా ముందు పదిహేడు మంది ఉన్నారు. మొదటాయన దుప్పటి, ఫ్లాస్కుతో వచ్చాడు. పెద్దమ్మాయి అడ్మిషన్‌కీ ఆయనే ఫస్టట. ర్యాంకు అంటే అదీ.

ఇంటర్వ్యూ పిల్లకన్నారు గానీ ప్రశ్నలన్నీ మా ఆవిడకే వేశారు. ఇంటర్‌తో ఆపేశానని ఆవిడ చెప్పగానే హెడ్మిస్ట్రెస్ గారు కాగితం మీద ఏదో గీసుకున్నారు. స్త్రీ విద్య ఎంత అవసరమో నాకు ఆ క్షణాన బోధపడింది. తల్లికి డిగ్రీ లేకపోతే కూతురికి ఎల్‌కేజీ కష్టం.

భాష సంగతికొస్తే, అప్పటి దొరలూ దొరసానులూ ముందు తెలుగు నేర్చుకుని తర్వాత పాఠం చెప్పారు. ఇప్పుడు పిల్లలు తెలుగు మర్చిపోయి పాఠం వింటున్నారు. నోరు జారితే పది రూపాయలు ఫైను. మొన్న మా పిల్ల గ్రౌండ్‌లో పడి, మోకాలు దోక్కుపోయి, 'అమ్మా!' అని అరిచింది. అది తెలుగు కిందికొస్తుందా, ఏడుపు కిందికొస్తుందా అని స్టాఫ్ రూమ్‌లో చర్చ జరిగిందట. చివరికి ఐదు రూపాయలకు సెటిల్ చేశారు. న్యాయమంటే అలా ఉండాలి. మమ్మీ అని ఏడ్చుంటే ఆ ఐదూ మిగిలేవి.

ఇక సమానత్వం. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని పేటల పిల్లలకు పలకా బలపం ఇచ్చిన బళ్లివి. ఇప్పుడూ భేదం లేదు: అందరికీ రెండు జడలు, మడిచి కట్టిన తెల్ల రిబ్బన్లు, ఒకటే టర్మ్ ఫీజు. ఫీజు దగ్గర కులం, మతం, జీతం ఏదీ చూడరు. పేదల సేవ కోసం డిసెంబరులో పాత బట్టలు పట్టుకు రమ్మంటారు. ఉతికి, ఇస్త్రీ చేసి.

పెళ్లి సంబంధాల వాళ్లు 'కాన్వెంట్‌లో చదివింది' అన్న మాటకు ఎంత విలువ కడతారో ఇక్కడ రాయను. అది మన ఆశయం, మిషన్ వాళ్లది కాదు.

మొన్న మోకాలికి కట్టున్న పిల్లను తీసుకురావడానికి వెళ్తే, గేటు దగ్గర ఆయా రావాకులు ఊడుస్తోంది. "మీ అమ్మాయీ ఇక్కడేనా?" అనడిగాను.

"లేదు సార్, మున్సిపల్ స్కూలు. మా అమ్మమ్మయితే ఇక్కడే చదివింది. హాస్టల్లో ఉంచి, అన్నం కూడా వాళ్లే పెట్టేవాళ్లంట."

చూశారా, ఎంత పాత సంబంధమో!