పాలు చివర్న పోయండి

షేకెన్ ఎస్ప్రెస్సో, అంటే ఐసుతో గిలక్కొట్టి నురగ తెప్పించే చల్లటి కాఫీ. దాని మీద వచ్చిన వ్యాసంలో ఎస్ప్రెస్సో (మెషిన్‌లో తీసే చిక్కటి కాఫీ), ఐసు, పాలు మూడూ ఒకేసారి సీసాలో పోసి గిలక్కొట్టమని రాశారు. అలా చేస్తే నురగ నిలవదు. పాలలో కొవ్వు కాఫీ నురగను కూల్చేస్తుంది. పాలు చివర్న, గ్లాసులోనే పోయాలి.

మన బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో ఎస్ప్రెస్సో మెషిన్ లేకపోయినా పర్వాలేదు, మోకా పాట్ (పొయ్యి మీద పెట్టి కాఫీ తీసే చిన్న పాత్ర) చాలు. మూడు కప్పుల మోకా పాట్‌కి 15 గ్రాముల పొడి సరిపోతుంది. కోరాపుట్ అరబికా రకం కాఫీ పొడి దొరికితే అదే వాడండి, చికోరీ కలిపింది వద్దు. పొడిని అదిమి నొక్కకండి. గుడగుడమనడం మొదలవగానే దించెయ్యాలి, లేకపోతే మాడు చేదు వస్తుంది.

అలా దిగిన 60 మి.లీ. డికాక్షన్‌కి రెండు చెంచాల పంచదార, అదీ వేడిమీదే కరగాలి. తర్వాత మామూలు స్టీలు సీసాలో ఆరేడు పెద్ద ఐసు ముక్కలు వేసి, వాటి మీద ఆ డికాక్షన్ పోయండి. సగం సీసా ఖాళీగా ఉండాలి, గాలి లేనిదే నురగ రాదు. 15 సెకన్లు గట్టిగా ఊపి, సీసా బయట చెమట పట్టి చెయ్యి జిల్లుమనగానే ఆపెయ్యండి. ఫ్లాస్కులో అయితే ఆ చల్లదనం చేతికి తెలీదు. ఇంకా ఊపితే ఐసు కరిగి కాఫీ నీళ్లయిపోతుంది, మే నెల ఉక్కలో మరీను.

గాజు సీసా అసలు వద్దు, వేడికీ ఐసుకీ పగలొచ్చు. ఐసు వెయ్యకుండా వేడి కాఫీకి మూత బిగించి ఊపినా ప్రమాదమే, ఆవిరి మూతను ఎగదన్నేస్తుంది. ఊపిన కాఫీ గ్లాసులోకి పోశాకే పాలు: 80 నుంచి 100 మి.లీ., ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి.