సర్దుకోవాల్సింది ఆ అమ్మాయొక్కతేనా?

విశాఖలో ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో పిల్లలు అమెరికాలో ఉండి పెద్దవాళ్ళు మంచాన పడ్డ ఇళ్ళల్లో ఈమధ్య కేర్ టేకర్ అమ్మాయిలు తరచూ కనిపిస్తున్నారు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఒడిశాలో కోరాపుట్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. మనుషుల్ని పంపే ఆఫీసువాళ్ళు తెచ్చి దింపి డబ్బులు మాట్లాడుకుని వెళ్ళిపోతారు, ఆ తర్వాత ఆ పిల్ల ఆ ఇంట్లో ఎలా అలవాటుపడుతుందో ఎవరికీ పట్టదు.

ఇంటిదగ్గర కువి అనే గిరిజన భాష మాట్లాడే పిల్లకి, పక్షవాతం వచ్చి మాట ముద్దగా అయిపోయిన పెద్దాయన తెలుగు ఎలా అర్థమవుద్ది చెప్పండి, కన్నబిడ్డలకే అర్థం కాదు. అయినా నేర్చుకుంటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒంటికి పుండ్లు పడతాయని, ముక్కు ట్యూబులో జావ పోసేటప్పుడు తల ఎత్తి పెట్టకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, అన్నీ నేర్చుకుంటుంది. అసలు కష్టం అక్కడ కాదు. చోడి (రాగి) అంబలి తాగి ఎండుచేప కాల్చుకుని తినే పిల్లకి "మా ఇంట్లో ఆ వాసన రాకూడదు" అని చెప్తారు. గ్లాసు వేరు, కంచం వేరు, పడక పెద్దాయన మంచం పక్కన చాప. చైత్రంలో మన్యంలో చేసుకునే ఇటుకల పండక్కి ఊరెళ్తానంటే మొన్ననే కదా వచ్చావు అంటారు, సంక్రాంతికి మాత్రం ఆ ఇంట్లో చుట్టాలందరికీ ఆ పిల్లే కాఫీలు అందించాలి.

మన నర్సులు జర్మనీ వెళ్ళాలని జర్మన్ భాషలో బీ1, బీ2 స్థాయిలంటూ నెలల తరబడి క్లాసులకి వెళ్తున్నారు, జపాన్‌కైతే కేర్ పనిలో వాడే భాషకి విడిగా ఇంకో పరీక్ష కూడా ఉంది. అక్కడివాళ్ళు మన పిల్లల్ని బాగా చూసుకోవాలని కోరుకునే మనమే కొండ మీంచి దిగొచ్చిన పిల్లకి నాలుగు తెలుగు ముక్కలు ఓపిగ్గా చెప్పట్లేదు, ఇది మాకు చాలా బాధగా ఉంది.

ఇంటిపనివాళ్ళ హక్కుల మీద ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 189వ ఒప్పందం 2011లోనే వచ్చింది, మన దేశం ఆమోదించలేదు. వీళ్ళకి చట్టం సంగతి తేల్చడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా కార్మిక శాఖ ముందు ఈ పంపే ఆఫీసుల లెక్క తీయాలి, ఏ అమ్మాయి ఏ ఇంట్లో ఉంది, కమీషన్ పోగా చేతికెంత వస్తోంది రాయించాలి. పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఊరు దాటకముందే కొంత ట్రైనింగ్ ఇవ్వాలి.

ఇంటివాళ్ళని మేము అడిగేది వారానికి ఒక పూర్తి రోజు సెలవు, తలుపేసుకుని పడుకునే చోటు, పండక్కి ఊరు. ఆ రోజు పెద్దాయన్ని ఎవరు చూస్తారు అంటారేమో, రెండో మనిషిని ముందే కుదుర్చుకోవాలి, ఖర్చవుద్ది, అయినా తప్పదు.